ఎవరి గ్లాసు వాళ్లకే

పోయిన వారం మనం స్వరూపను బీరువా ముందు నిలబెట్టి వచ్చాం. ఆమె చేతిలో రెండు కొత్త స్టీలు గ్లాసులున్నాయి. వాటి మీద సుల్తాన్ బజార్ దుకాణంవాడు చుక్కలు చుక్కలుగా చెక్కిన పేర్లున్నాయి. ఒకదాని మీద ఓదెలు, రెండోదాని మీద ఈదమ్మ. చిక్కడపల్లిలోని ఆ ఇంట్లో ఎవరి పేరు గ్లాసు మీదికెక్కితే వాళ్లు ఇంటి మనిషి అయిపోయినట్టే లెక్క. స్వరూప కోడలిగా అడుగు పెట్టిన వారానికే అత్తగారు దమయంతి ఆమె పేరు కూడా అలాగే కొట్టించింది. అందుకే ఆ గ్లాసులు చూడగానే స్వరూప కళ్లు చెమర్చాయి. ఆడబిడ్డ శ్రీదివ్య కోరుకున్న పెళ్లికి అత్తగారు మనసారా ఒప్పుకున్నారని నమ్మింది.

ఇంట్లో నెల రోజులుగా జరిగిన ఏడుపులూ అలకలూ తిండి మానేయడాలూ చదివినవాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఓదెలు పరాయివాడేం కాదు. ఆ ఇంటి మేడ మీద గదిలోనే రెండేళ్లు కిరాయికున్నాడు. పొద్దున అశోక్ నగర్‌లో కోచింగు, పగలంతా లైబ్రరీలో చదువు, సాయంత్రం మెట్ల మీద కూర్చుని స్వరూప కూతురు సంయుక్తకు అక్షరాలు దిద్దించడం. గ్రూప్ టూలో నెగ్గి డిప్యూటీ తహసీల్దారై వెళ్లిపోయాడు. వెళ్లిపోయాకే తెలిసింది, అక్షరాలు నేర్చుకున్నది సంయుక్త ఒక్కతే అయినా ఆ మెట్ల దగ్గరకు శ్రీదివ్య కూడా వచ్చేదని. దమయంతికి పిల్లవాడి ఉద్యోగం నచ్చింది, మాట నచ్చింది, నడత నచ్చింది. పెద్దపల్లి దగ్గర వాళ్ల ఊళ్లో వాళ్ల ఇల్లు ఏ వాడలో ఉందో అదొక్కటే గొంతు దిగలేదు. చివరికి ఆమె భర్త జగదీశ్వర్ తన రిటైర్మెంటు గొంతు సవరించుకుని, "కాలం మారింది, ఆదివారం నాడు తల్లిని తీస్కొని రమ్మను," అన్నాడు. దమయంతి కూడా కాదనలేదు. కొడుకు శ్రీనాథ్ మాత్రం, అంటే మన స్వరూప భర్త, ఆదివారం తెల్లవారగానే "నాకు గీ తమాషా చూసే ఓపిక లేదు" అని స్కూటర్ వేసుకుని ఎటో వెళ్లిపోయాడు.

అంతవరకు బాగానే ఉంది. కానీ అదే ఆదివారం పొద్దున స్వరూప తడిబట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్లింది.

పెరటి గోడకు ఒక కిటికీ ఉంది. దాని గట్టు మీద పనిచేసే మాసమ్మ టీ గ్లాసు బోర్లించి ఉంటుంది. పక్కనే సొట్టపడిన ఇంకో గ్లాసు, పేరు లేనిది. ఆ గ్లాసులు అక్కడ ఎందుకుంటాయో ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగరు. ఈ రోజు వాటి పక్కన ఎవరో గట్టు శుభ్రంగా తుడిచి, రెండు చిన్న కాగితం ముక్కలు పరిచారు. పండగకు అలమారాల్లో వేసే కాగితాల్లాగా అంచులు పువ్వుల్లా కత్తిరించారు. ఒక్కొక్కటి ఒక్కో గ్లాసు బోర్లించడానికి సరిపోయేంత ఉంది.

స్వరూప వాటిని చూసింది. చూసి బట్టలు ఆరేసింది. లోపలికి వచ్చి ఉప్మాకు ఉల్లిగడ్డలు కోసింది. ఆ రెండు గ్లాసులు ఏ బీరువాలోంచి ఏ కిటికీలోకి పోబోతున్నాయో అర్థమయ్యాక కూడా నోరు మెదపలేదు. ఉల్లిగడ్డలు ఉన్నాయి కాబట్టి కళ్లు తుడుచుకోవడానికి ఎవరికీ కారణం చెప్పనక్కర్లేకపోయింది.

ఆమె నోరు మెదపకపోవడానికి ఒక కారణముంది, దాని పేరు సంయుక్త.

స్వరూపది నారాయణగూడలో ఒక ప్రైవేటు బళ్లో టీచరు ఉద్యోగం. పొద్దున ఎనిమిదికి పోతే సాయంత్రం దాకా ఊరి పిల్లలందరికీ బుద్ధులు చెప్పడమే పని. సొంత బిడ్డకు చెప్పే పని అత్తగారిది. దమయంతి ఆ పనిని ఎంత బాగా చేసిందంటే, సంయుక్తను చూసి గల్లీ గల్లీ అంతా ముచ్చటపడేది. పక్కింటి అనసూయమ్మ తన మనవణ్ణి చెవి పట్టుకుని లాక్కొచ్చి, "దమయంతమ్మా, వీన్ని గూడ జర నీ దగ్గర పెట్టుకో, మనిషైతడు," అనేది.

ఆరేళ్లు నిండని పిల్ల. ఎవరైనా గుమ్మంలోకి రాగానే లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి "నమస్తే అండీ" అంటుంది. పెద్దవాళ్లు కూర్చుంటే గానీ కూర్చోదు. ఎవరింట్లో ఏం పెట్టినా మొదటిసారి వద్దంటుంది, రెండోసారి బలవంతపెడితే సగం తీసుకుంటుంది. నీళ్ల గ్లాసు అంచు ముట్టుకోదు, అడుగు భాగం పట్టుకుని ఇస్తుంది. తీసిన వస్తువు తీసినచోటే పెడుతుంది. ఎవరి గ్లాసు వాళ్లకే ఇస్తుంది. పెద్దవాళ్లు చెప్పమంటే, తప్పు చేయలేదని తనకు తెలిసినా సారీ చెబుతుంది. ఎదుటివాళ్లు సారీ అంటే "పర్వాలేదండీ" అంటుంది. అన్నిటికంటే పెద్ద పాఠం, చచ్చినా అబద్ధం చెప్పదు.

ఇన్ని పాఠాలు ఒకే బుర్రలో ఒకదానితో ఒకటి కొట్టుకోకుండా ఎలా ఉంటాయో దమయంతి ఎప్పుడూ ఆలోచించలేదు. స్వరూపకు ఆ ఆలోచన వచ్చేది. కానీ తన బిడ్డను ఊరికే, ప్రేమగా, పైసా ఖర్చు లేకుండా పెంచిపెడుతున్న మనిషికి ఎదురు చెప్పడం ఎలా? అందుకే ఊరుకునేది. ఊరుకోవడం కూడా ఆ ఇంట్లో మర్యాదలో భాగమే.

పదిన్నరకు గేటు చప్పుడైంది.

రాత్రే వచ్చి రాంనగర్‌లో చుట్టాలింట్లో దిగిన ఓదెలు, తల్లిని ఆటోలో తీసుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు. బూట్లు గుమ్మం బయటే విప్పాడు, ఆ ఇంటి అలవాట్లు అతనికి తెలుసు. వెనక ఈదమ్మ. సన్నగా, ఎండకు నల్లబడిన మొహంతో, ముదురాకుపచ్చ నేత చీర కట్టుకుని, గుడ్డసంచి ఒకటి గుండెలకు పట్టుకుని ఉంది. సంచిలో నువ్వుల లడ్డూలు. తను స్వయంగా చేసినవి.

"రాండ్రి, రాండ్రి," అంది దమయంతి.

స్వరూపకు ఆ పిలుపు విని నవ్వు రాబోయింది. రెండేళ్లు కిరాయికున్న ఓదెలును ఆమె ఎప్పుడూ "రాండ్రి" అని పిలవలేదు. ఉద్యోగం మనిషికి బహువచనం కూడా తెచ్చిపెడుతుందన్నమాట.

ఈదమ్మ తలుపు పక్కనే గోడకానుకుని కింద కూర్చోబోయింది.

"అయ్యో, గదేందమ్మా! కుర్చీల కూసో," అన్నాడు జగదీశ్వర్, గొప్ప ఉదారంగా.

"వద్దు సారూ, నేను గిక్కడ్నే కూసుంట. కుర్సీల నాకు కాళ్లు గుంజుతయి."

"అవ్వా," అన్నాడు ఓదెలు, మెల్లగా. ఈదమ్మ కొడుకు మొహం చూసింది. లేచి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది, ఎవరైనా లెమ్మంటే వెంటనే లేవడానికి వీలుగా.

సంయుక్త అప్పటికే చేతులు జోడించి నిలబడింది. "నమస్తే అండీ. నమస్తే ఓదెలన్నా."

"అగ్గో, ఎంత మంచిగ అంటున్నది బిడ్డ!" అని ఈదమ్మ మురిసిపోయింది. "నీకు అచ్చరాలు నేర్పిన అని మావోడు చెప్పిండు. నిజమేనా?"

"అవునండీ. గ్లాసుల మీద పేర్లు సదివి నేర్చుకున్న," అంది సంయుక్త. ఓదెలు నవ్వాడు. ఆ నవ్వు చూసి లోపలి గుమ్మం దగ్గర నిలబడిన శ్రీదివ్య కూడా నవ్వింది. నెల రోజులుగా ఏడ్చి ఏడ్చి వాచిన ఆ పిల్ల మొహంలో అంత వెలుగు చూసి స్వరూప తన అనుమానాల మీద తనే విసుక్కుంది. ఏం కాగితాలు, ఏం కిటికీ, ఈ పిల్ల పెళ్లి జరిగిపోతే చాలు అనుకుంది.

"బేటా, పెద్దమ్మకూ అన్నకూ మంచినీళ్లు తీస్కరా," అంది దమయంతి.

ఈ ఘట్టం కోసం ఆమె నిన్నటి నుంచీ పిల్లకు పాఠం చెప్పింది. షోకేసులోంచి గాజు గ్లాసులు రెండు తీయించి, కడిగించి, పళ్లెంలో పెట్టించింది. పిల్ల పళ్లెం పట్టుకుని ఒక్క చుక్క ఒలకకుండా రావాలి, ముందు పెద్దావిడకు ఇవ్వాలి. చూసినవాళ్లు ఈ ఇంటి పెంపకం ఎలాంటిదో తెలుసుకోవాలి.

సంయుక్త లోపలికి వెళ్లింది. వంటింట్లోంచి రావడానికి పట్టాల్సినదానికంటే ఎక్కువసేపు పట్టింది. పెరట్లో నల్లా చప్పుడు వినిపించింది. స్వరూప లేచేలోపే పిల్ల వచ్చేసింది.

పళ్లెంలో ఒక గాజు గ్లాసు, దాని పక్కన సొట్ట గ్లాసు.

పెద్దమ్మకు గాజు గ్లాసు ఇచ్చింది, అడుగు పట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా. తర్వాత ఓదెలు దగ్గరికి వెళ్లింది. పిల్ల మొహం పండగలా ఉంది.

"ఓదెలన్నా, ఇగో నీ గ్లాసు! నువ్వు పోయినంక నేనే జాగ్రత్తగ పెట్టిన. ఎవ్వరికీ ఇయ్యలే. మాసమ్మ గూడ ఒకసారి తాగుతనన్నది, అది ఓదెలన్నది అని చెప్పిన."

ఓదెలు రెండు చేతులా అందుకున్నాడు. ఏ మనిషైనా ఇష్టంగా దాచి తెచ్చిన వస్తువును ఎలా అందుకుంటాడో అలాగే అందుకున్నాడు. కానీ తాగలేదు.

"అరెరే, గిదేంది బేటా!" దమయంతి గట్టిగా నవ్వింది. "గాజు గ్లాసు పెట్టిన కద పళ్లెంల. గిదెక్కడి పాత గ్లాసు తెచ్చినవ్? పిల్ల చేష్టలు... ఏమనుకోకు ఓదెలు."

"పాతది కాదు నానమ్మా, అన్నది," అంది సంయుక్త, ఓపికగా. "నువ్వే చెప్పినవ్ కద, ఎవరి గ్లాసు వాళ్లకే ఇయ్యాలని. మనయన్నీ లోపల, మాసమ్మదీ ఓదెలన్నదీ ఎనక కిటికీల. కలపద్దని."

ఈదమ్మ నోటి దాకా తెచ్చుకున్న గ్లాసు కిందికి దించింది. "ఏందిరా?" అంది కొడుకుతో. "నీకు ఈడ వేరే గ్లాసు ఉండెనా?"

"ఛ ఛ, అసొంటిదేం లేదమ్మా," దమయంతి అందుకుంది. నవ్వు మొహం మీదే ఉంది గానీ గొంతులోంచి పోయింది. "సంయూ, నేనెప్పుడు చెప్పిన గట్ల? ఆ? అబద్ధం చెప్పద్దని నీకు ఎన్నిసార్లు చెప్పిన?"

"అబద్ధం కాదు నానమ్మా."

"పెద్దలకు ఎదురు మాట్లాడుతున్నవా?"

సంయుక్త నోరు మూసుకుంది. ఎదురు మాట్లాడకూడదు. అబద్ధం చెప్పకూడదు. రెండిట్లో ఏది ముందో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. సాయం కోసం ఓదెలు వైపు చూసింది. ఆ గ్లాసు మీద అతని పేరెందుకు లేదని ఒకప్పుడు అడిగితే, "నాకు పేరు అక్కర్లేదు సంయూ, సొట్ట ఉన్నది కద, గదే గుర్తు," అని చెప్పినవాడు అతనే. అతను చెబుతాడు.

"చెప్పురా," అంది ఈదమ్మ. "సొంత కొడుకు లెక్క చూసుకుంటున్నరంటివి. ఫోన్ చేసినప్పుడల్లా గదే ముచ్చట చెప్తివి. వేరే గ్లాసుల పోసిండ్రా నీకు?"

ఓదెలు తల్లి మొహం చూశాడు. గుమ్మంలో శ్రీదివ్య మొహం చూశాడు. ఆ తర్వాత నేల చూశాడు.

"లేదవ్వా. పిల్లకు యాది లేదు. ఏదో అంటున్నది."

సంయుక్త కళ్లు పెద్దవయ్యాయి. కొట్టినా అంత నొప్పి కలిగేది కాదేమో.

ఈదమ్మ కొడుకు మాట నమ్మలేదు. ఆమె చూపు ఆ గదిలో ఒక్కొక్కరి మీదుగా నడిచి స్వరూప దగ్గర ఆగింది. "నువ్వు చెప్పు బిడ్డా. నీ కడుపున పుట్టిన పిల్ల. గది అబద్ధం చెప్తున్నదా?"

మనలో చాలామందిమి ఇలాంటి చోట ఏం చేస్తామో మనకు తెలుసు. బయట నుంచి చదువుతూ, నిజం చెప్పేస్తే అయిపోయేది కదా అనుకోవడం తేలిక. స్వరూప ఎదురుగా అత్తగారున్నారు, రేపటి నుంచి బిడ్డను చూసుకోవలసిన మనిషి. మామగారున్నారు, ఏమీ తెలియనట్టు కళ్లద్దాలు తుడుచుకుంటూ. ఆ కిటికీ పక్కనే రోజూ అద్దం పెట్టుకుని గడ్డం గీసుకునే మనిషి ఆయన. అందరికంటే మించి శ్రీదివ్య ఉంది. రెండు చేతులూ ఛాతీ మీద కలిపి, పెదవులు కదపకుండా బతిమాలుతోంది. ఒక్క మాట. ఒక్క మాట "లేదు" అంటే ఈ పిల్ల పెళ్లి అవుతుంది.

స్వరూప తన కూతురి మొహం చూడకుండా చెప్పింది.

"లేదమ్మా. పిల్లకు తెల్వక అన్నది."

"విన్నవా?" అంది దమయంతి. ఆమె ఊపిరి గట్టిగా వదిలింది. "సంయూ, ఇట్ల రా. అన్నకూ పెద్దమ్మకూ సారీ చెప్పు. అబద్ధం చెప్పిన, తప్పయింది అని చెప్పు."

పిల్ల తల్లి వైపు ఒక్కసారి చూసింది. ఏడవలేదు. నేర్పినట్టే గది మధ్యకు నడిచింది, నేర్పినట్టే రెండు చేతులూ జోడించింది, నేర్పినట్టే తల కొంచెం వంచింది.

"సారీ అండీ. అబద్ధం చెప్పిన. తప్పయింది."

ఒక్క అక్షరం తడబడలేదు. అంత చక్కగా సారీ చెప్పిన పిల్లను చూసి స్వరూప తనను తానే నిలదీసుకుంది. తను పళ్లు బిగించి ఊరుకున్న ఇన్నేళ్లలో ఈ ఇంట్లో తన బిడ్డ నేర్చుకున్నది ఇదా? నిజం చెప్పి, అది అబద్ధమని ఒప్పుకుని, ఒప్పుకున్నందుకు మంచి పిల్ల అనిపించుకోవడమా? బళ్లో ఏ పిల్ల అయినా ఇలా నిలబడితే ముందు ఆ పిల్ల తల్లిని పిలిపించమనేది. ఇక్కడ ఆ తల్లి తనే.

"మంచిది. గట్లుండాలె," అంది దమయంతి. గదిలో అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. జగదీశ్వర్ ఎండల గురించి అడిగాడు. ఓదెలు బస్సు గురించి చెప్పాడు. శ్రీదివ్య లోపలికి పోయి ఉప్మా ప్లేట్లు తెచ్చింది. ఈదమ్మ మాత్రం గాజు గ్లాసును చేతిలో తిప్పుతూ, మూలన నిలబడ్డ పిల్లనే చూస్తూ కూర్చుంది. సొట్ట గ్లాసు ఓదెలు చేతిలోనే ఉంది. కింద పెట్టడానికి అతనికి చోటు దొరకలేదు.

ముహూర్తాల దాకా మాట వచ్చింది. శ్రావణంలో మంచి రోజులున్నాయన్నాడు జగదీశ్వర్. ఈదమ్మ తలూపింది. అంతా సర్దుకున్నట్టే ఉంది. ఆ ఊపులో దమయంతి లేచి, బీరువా తీసి, కొత్త గ్లాసులు రెండూ తెచ్చి ఈదమ్మ ఒళ్లో పెట్టింది.

"చూడమ్మా, మా ఇంట్ల అందరి గ్లాసుల మీద పేర్లుంటయి. మీయి గూడ కొట్టిచ్చిన. ఇగ మీరు గూడ మా ఇంటోళ్లే."

ఈదమ్మ వేళ్లతో ఆ చుక్కల మీద తడిమింది. ఆమెకు చదువు రాదు. "ఏం రాసింది బిడ్డా?" అని సంయుక్తను పిలిచింది. పిల్ల దగ్గరికి వచ్చి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది. "ఈ... ద... మ్మ. గిది మీ పేరండీ. గిది ఓదెలన్నది."

"నా పేరు గింత సక్కగుంటదా?" అంది ఈదమ్మ. పేరును మరోసారి తడిమింది. ఆ ఒక్క క్షణం ఆమె నిజంగా సంతోషపడింది. ఆ సంగతి తర్వాత స్వరూపకు ఎన్నిసార్లు గుర్తొచ్చినా మనసు చేదు అయ్యేది.

తీసిన వస్తువు తీసినచోట పెట్టాలి. కొత్త వస్తువైతే ఎక్కడ పెట్టాలో అడగాలి. సంయుక్త చేతులు కట్టుకుని, చాలా మర్యాదగా అడిగింది.

"నానమ్మా, ఎనక కిటికీల కొత్త కాగితాలు ఏసిండ్రు కద రెండు. అవి వీటికేనా? అక్కడ్నే పెట్టాల్నా?"

ఈసారి దమయంతికి నవ్వు రాలేదు.

ఈదమ్మ గ్లాసులు రెండూ ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది. కుర్చీ అంచు మీది నుంచి లేచింది. లేచి నిలబడ్డాక చూస్తే ఆమె పొడుగైన మనిషే.

"మా ఊళ్లె హోటల్ బయట చూరు సందుల దోపి ఉండేది మా గ్లాసు," అంది. అరవలేదు, మామూలుగానే చెప్పింది. "తాగి, మనమే కడిగి, మల్ల ఆడ్నే చెక్కాలె. మా అవ్వ చెక్కింది, నేను చెక్కిన. నా కొడుకు గా చూరు కింద నిలబడద్దని రెక్కలు ముక్కలు చేసుకొని సదివిచ్చిన. గా చూరు హైదరాబాద్ల గూడ ఉంటదని నాకెర్కలేదు." పిల్లకు చెయ్యి చాచింది. "పా బిడ్డా. గా కిటికేదో నాకు చూపెట్టు."

సంయుక్త ఆమె చెయ్యి పట్టుకుంది. కానీ కదల్లేదు. వచ్చినవాళ్లను లోపలికి తీసుకుపోవాలంటే అడగాలి. నానమ్మను అడగలేదు. తల్లిని అడిగింది.

"అమ్మా, చూపించాల్నా? చూపిస్తే అబద్ధమైతదా?"

స్వరూపకు అప్పటిదాకా ఉన్న భయాలన్నీ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. కానీ ఆ ప్రశ్నకు తప్పు జవాబు చెబితే, ఈ పిల్ల ఇక జన్మలో ఏది నిజమో పెద్దవాళ్లను అడిగి తెలుసుకుంటుంది. అది మాత్రం ఆమె భరించలేకపోయింది.

"చూపించు బిడ్డా," అంది. "అది అబద్ధం కాదు. ఇందాక నేను చెప్పిందే అబద్ధం."

"స్వరూపా!" అంది దమయంతి.

ఆమె ఇంకో మాట అనేలోపే శ్రీదివ్య పరుగెత్తి పెరటి తలుపుకు అడ్డం నిలబడింది. రెండు చేతులూ తలుపు రెక్కల మీద ఆనించి, ఈదమ్మ మొహంలోకి చూడలేక, ఓదెలు వైపు చూస్తూ ఏడ్చేసింది.

"అవ్వా, పోవద్దు. నీ కాళ్లు మొక్కుత, పోవద్దు. అక్కడ కాగితాలు ఏసింది మా అమ్మ కాదు. నేను. నేనే కత్తిరిచ్చి ఏసిన."

పువ్వుల అంచు. ప్రతి దసరాకూ ఆ ఇంటి అలమారాలకు ఆ అంచు కత్తిరించేది శ్రీదివ్యే. పొద్దున ఆ కాగితాలు చూసి కూడా ఆ సంగతి తట్టనందుకు స్వరూప తనను తానే తిట్టుకుంది. అత్తగారి మీద కోపంలో, ఇంకొకరి చెయ్యి ఉంటుందన్న ఆలోచనే రాలేదు.

"అమ్మ ఒక్కటే అడిగింది," శ్రీదివ్య ఇంకా చెబుతోంది. "పెండ్లికి ఒప్పుకుంట, కాని నా వంటింట్ల నా సామానుల కలపద్దు, గదొక్కటి నాకు మాటియ్యి అన్నది. ఇచ్చిన. ఇయ్యకపోతే ఈ పెండ్లి అయితుండెనా? మనం ఎట్లాగు ఈడ ఉండం కద. ఎప్పుడో పండుగకు వస్తం, ఒక్క పూట ఉంటం. గ్లాసే కద అనుకున్న..."

ఓదెలు చేతిలో సొట్ట గ్లాసు ఇంకా నిండుగానే ఉంది. దాన్ని తీసుకెళ్లి టీపాయ్ మీద, ఉప్మా ప్లేట్ల మధ్య పెట్టాడు.

"నేను గూడ రెండేండ్లు గట్లనే అనుకున్న దివ్యా," అన్నాడు. "గ్లాసే కద అని."

తర్వాత సంయుక్త ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "సంయూ, నువ్వు అబద్ధం చెప్పలే. నేను చెప్పిన. నేనే సారీ చెప్పాలె." రెండు చేతులూ జోడించాడు. "సారీ."

సారీ అంటే ఏమనాలో పిల్లకు తెలుసు. "పర్వాలేదండీ," అంది. కానీ ఈదమ్మ చేతిని వదలలేదు, తల్లి దగ్గరికీ రాలేదు.

దమయంతి కుర్చీలో కూలబడింది. పిల్లను ఇలా తయారుచేసింది ఎవరు అన్నట్టు కోడలి వైపు చూసింది. తనే తయారుచేసిందన్న సంగతి ఆమెకు ఆ క్షణంలో కూడా తట్టలేదు.

ఈదమ్మ పెరటి తలుపు వైపు పోలేదు. ఇక చూడవలసినది ఏమీ లేదు. పైట చెంగుతో మొహం తుడుచుకుని, కొడుకు వైపు తిరిగింది.

"సారీలు అయినయా? ఇగ నేనొకటి అడుగుత, జవాబు చెప్పు. పెండ్లి చేసుకుంటవో చేసుకోవో నీ ఇష్టం, నేనేమన్న. పిల్ల ఏడుస్తున్నది, మంచిదే ఉన్నట్టున్నది. కాని రేపు మీకో బిడ్డ పుడతది. గా బిడ్డ అమ్మమ్మింటికొచ్చి దూపయితుందంటే, నీళ్లు ఏ గ్లాసుల పోస్తరు? లోపలిదాంట్లనా, కిటికీలదాంట్లనా?"

ఓదెలు శ్రీదివ్య వైపు చూశాడు.

శ్రీదివ్య తల్లి వైపు చూసింది.